పార్కిన్సన్స్ ఉన్న ఇంట సేవాధర్మం

పార్కిన్సన్స్ వ్యాధి ఉన్న మనిషిని ఇంట్లో ఏళ్ల తరబడి చూసుకునే భార్యో, భర్తో, కూతురో, కోడలో అలసిపోతారన్నది వైద్యులకు తెలిసిన విషయం. ఆ అలసటను ధర్మం ఎలా చూస్తుందన్నది వేరే ప్రశ్న. సేవ అంటే రుణం తీర్చుకోవడమే అయితే, సేవలో కలిగే విసుగు పాపమవుతుందా? తన నిద్రనూ ఒంటినీ కాపాడుకోవాలనుకునే మనిషి ధర్మం తప్పినట్టా? తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్నలు సాధారణంగా పైకి రావు. "ఓపిక పట్టాలి", "రుణానుబంధం", "మన కర్మ ఇలా ఉంది" అనే మాటల కింద అణిగిపోతాయి. ఆ మాటలను పట్టుకునే ఎంతోమంది ఏళ్లకు ఏళ్లు నెట్టుకొచ్చారు, అది కాదనలేం. కానీ అవే మాటలు సేవ చేసే మనిషిని నోరెత్తనివ్వకుండా కూడా చేస్తాయి.

ముందు ఈ సేవ ఎలాంటిదో తెలియాలి. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ వ్యాధిని ఒక చిన్న పుస్తకంలో వర్ణించాడు. అందులో ఆయన చెప్పిన ఆరుగురు రోగుల్లో ముగ్గురు వీధిలో కంటబడినవాళ్లే. వణికే చెయ్యి, ముందుకు వంగిన నడుము, పరుగులా మారిపోయే నడక ఆయనకు స్పష్టంగా కనిపించాయి. బుద్ధికీ ఇంద్రియాలకూ హాని ఉండదని ఆయన అనుకున్నాడు. వీధిలో చూసేవారికి అలాగే అనిపిస్తుంది. తెలుగునాట వైద్యులు తరతరాలుగా వాడిన బసవరాజీయం కంపవాతాన్ని వర్ణించేటప్పుడు కాళ్లూ చేతుల వణుకుతో పాటు నిద్ర చెడడాన్నీ, బుద్ధి క్షీణించడాన్నీ కూడా చెప్పింది. అది ఇంట్లో ఉండి చూసినవాళ్లకు తెలిసే సంగతి.

మెదడు లోపల సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట డోపమైన్ తయారుచేసే కణాలు నశించడం వల్ల కదలికలు మందగిస్తాయి. 1960ల చివర్లో వాడకంలోకి వచ్చిన లెవోడోపా ఆ లోటును కొంతవరకు పూడుస్తుంది. ఈ పదార్థాన్ని దూలగొండి గింజల నుంచి మద్రాసులో 1937లోనే వేరుచేశారు. మందు వల్ల మనిషి లేచి తిరుగుతాడు కానీ జబ్బు ముదరడం ఆగదు. పదేళ్లు, పదిహేనేళ్లు, కొందరిలో ఇరవై ఏళ్లు సాగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019 నాటికి 85 లక్షల మందికి పైగా ఈ వ్యాధితో జీవిస్తున్నారు. ఇది స్త్రీల కంటే పురుషుల్లో ఎక్కువ. అందువల్ల చూసుకునే బాధ్యత చాలా ఇళ్లలో భార్య మీద పడుతుంది. ఆమె కూడా అప్పటికి అరవై దాటిన మనిషే అయి ఉంటుంది.

ఆ ఇంట్లో రోజంతా మాత్రల వేళల చుట్టూ తిరుగుతుంది. ముదిరిన దశలో మూడు నాలుగు గంటలకొకసారి మందు పడాలి. పాలతోనో, పప్పన్నం తిన్న వెంటనేనో వేసుకుంటే మాంసకృత్తులు అడ్డుపడి కొందరిలో అది సరిగా పనిచేయదు. కాబట్టి తిండి వేళలు కూడా మందు వేళలను బట్టే మారతాయి. గది దాటి వెళ్లేటప్పుడు గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోతాయి. పక్కనున్న మనిషి "ఒకటి, రెండు, ఒకటి, రెండు" అని లెక్కపెడితేనో, నేల మీద గీసిన గీతను దాటమంటేనో అడుగు పడుతుంది. కూర్చున్నచోటు నుంచి లేవగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగొచ్చు. నీళ్లు మింగుడుపడక పొలమారొచ్చు. రాత్రి పక్క మీద ఒత్తిగిలడానికి కూడా చెయ్యందించాలి. కలలో ఎవరితోనో పోట్లాడుతూ పక్కనున్నవాళ్లను కొట్టడం ఈ వ్యాధిలో తరచుగా జరిగేదే. కొందరిలో వణుకు మొదలవడానికి ఏళ్ల ముందే ఈ లక్షణం కనిపిస్తుంది. తర్వాతి దశల్లో కొందరికి గదిలో లేని మనుషులు కనిపిస్తారు. కొందరు భార్య శీలాన్ని అనుమానిస్తారు. నలభై ఏళ్లు కాపురం చేసి, రాత్రంతా మేలుకుని సేవ చేస్తున్న మనిషికి ఆ మాట వినాల్సి రావడం కంటే పెద్ద దెబ్బ ఉండదు.

దీనికి తోడు పొద్దున మందు పనిచేస్తున్నప్పుడు చకచకా నడిచిన మనిషి మధ్యాహ్నానికి బొమ్మలా బిగుసుకుపోతాడు. చూడవచ్చిన బంధువులు మంచి గంటలో వచ్చి, "బాగానే ఉన్నాడుగా" అని వెళ్లిపోతారు. రోజూ చూసేవాళ్లకు కూడా ఒక్కోసారి "కావాలనే చేస్తున్నాడు" అనిపిస్తుంది. కోపానికి మూలం చాలావరకు ఇక్కడే ఉంది. ఎదుటి మనిషికి ఉద్దేశం ఉందనుకున్నప్పుడే కోపం వస్తుంది, వానమీదా ఎండమీదా అలాంటి కోపం రాదు. ఏది మనిషి చేసింది, ఏది జబ్బు చేసింది అన్న వివేకం లేకుండా ఓపిక పట్టమని చెప్పడం వల్ల ప్రయోజనం తక్కువ. ఆ వివేకాన్ని ఇవ్వాల్సింది మొదట వైద్యుడు. పది నిమిషాల్లో చీటీ రాసి పంపే చోట అది దొరకదు.

ముఖం సంగతి ఇంకా లోతైనది. ఈ వ్యాధిలో ముఖ కండరాలు బిగుసుకుపోయి నవ్వు, జాలి, కృతజ్ఞత ఏవీ పైకి కనిపించవు. గొంతు కూడా సన్నగిల్లుతుంది. చేసిన సేవకు కళ్లలోనైనా ఒక మెరుపు రాకపోతే, చేసే మనిషి లోపల ఏదో ఎండిపోతుంది. నాట్యశాస్త్రం స్థాయీభావాన్నీ దాన్ని బయటపెట్టే అనుభావాలనూ వేరుచేసి చూపింది. లోపల ఉన్న భావం కనుబొమ్మ కదలిక ద్వారా, పెదవి ద్వారా, చూపు ద్వారా ఎదుటివారికి అందుతుంది. పార్కిన్సన్స్ ముందుగా దెబ్బతీసేది ఆ రెండోదాన్ని. ప్రేమ మిగిలి ఉన్నా, దాన్ని చేరవేసే దారి మూసుకుపోతుంది. దీన్ని అర్థం చేసుకున్న కుటుంబాలు ముఖం చూడడం తగ్గించి చేతి స్పర్శను, మెల్లగా వచ్చే మాటను నమ్ముకోవడం నేర్చుకుంటాయి. అయినా మనిషి ఎదురుగానే ఉండి కొంచెం కొంచెంగా దూరమైపోవడం దుఃఖమే. అమెరికా కుటుంబ మనస్తత్వవేత్త పాలిన్ బాస్ దీన్ని తేలని నష్టంగా గుర్తించింది. చావుకు పదో రోజు, పదకొండో రోజు ఉంటాయి, పరామర్శ ఉంటుంది. ఈ దుఃఖానికి ఏ కర్మకాండా లేదు.

ఈ సేవ భారాన్ని కొలిచే ప్రయత్నాలూ జరిగాయి. 1980లో స్టీవెన్ జారిట్ బృందం రూపొందించిన ప్రశ్నావళిని నేటికీ పార్కిన్సన్స్ కుటుంబాల మీద జరిగే అధ్యయనాల్లో వాడుతున్నారు. మతిమరుపు జబ్బు ఉన్న బంధువులను చూసుకునే స్త్రీలలో చర్మం మీద చేసిన చిన్న గాయం మానడానికి మిగతావారి కంటే సగటున తొమ్మిది రోజులు ఎక్కువ పట్టిందని జానిస్ కీకోల్ట్-గ్లేజర్ బృందం 1995లో చూపింది. 1999లో రిచర్డ్ షుల్జ్, స్కాట్ బీచ్ వృద్ధ దంపతులను నాలుగేళ్లు గమనించి ప్రచురించిన ఫలితం ఇంకా ఎక్కువ చర్చకు వచ్చింది. జీవిత భాగస్వామికి సేవ చేస్తూ దాన్ని భారంగా అనుభవించినవారిలో మరణ ముప్పు, సేవ చేయాల్సిన అవసరం లేనివారి కంటే 63 శాతం ఎక్కువ. సేవ చేస్తున్నా అంత ఒత్తిడి లేదన్నవారిలో ఆ పెరుగుదల కనబడలేదు. 2013లో డేవిడ్ రోత్ బృందం చేసిన మరో పెద్ద అధ్యయనంలోనైతే సేవ చేసేవారి మరణాల రేటు మిగతావారి కంటే 18 శాతం తక్కువ. ఈ రెండు ఫలితాలు ఒకదాన్నొకటి కొట్టివేస్తున్నాయని కొందరు అనుకున్నారు. కలిపి చదివితే తెలిసేది ఒకటే. మనిషిని కుంగదీసేది సేవ కాదు, తోడు లేకుండా, విరామం లేకుండా, మరో దారి లేకుండా చేయాల్సి రావడమే. ధర్మవిచారం కూడా ఇక్కడి నుంచే సాగాలి.

సేవను మన సంప్రదాయం ప్రధానంగా రుణం అనే భావనతో ముడిపెట్టింది. తైత్తిరీయ సంహిత చెప్పిన మూడు రుణాల్లో పితృరుణం సంతానం వల్ల తీరుతుంది. ముసలితనంలో మంచం పక్కన కూర్చోవడం ఆ లెక్కలో లేదు. తల్లినీ తండ్రినీ దైవాలుగా చూడమనే తైత్తిరీయోపనిషత్తు బోధ, శ్రవణకుమారుడి కథ, తల్లిదండ్రుల సేవ విడవలేక వచ్చిన దేవుణ్ణి ఇటుక మీద నిలబెట్టిన పుండరీకుడి కథ కలిసి రుణానికి ఇప్పుడున్న అర్థాన్ని తెచ్చాయి. ఈ కథలన్నిటిలో సేవ చేసేది కొడుకు. ఇళ్లలో చేసేది ఎక్కువగా భార్యలు, కోడళ్లు, కూతుళ్లు. 2019లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంట్లో పిల్లల, పెద్దల సంరక్షణ పని చేసే స్త్రీలు రోజుకు సగటున 134 నిమిషాలు, పురుషులు 76 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. కీర్తి ఒకరికీ చాకిరీ మరొకరికీ దక్కే ఏర్పాటును ధర్మం అనడం కష్టం.

మహాభారతం ఈ విషయంలో చాలా సూక్ష్మంగా ఆలోచించింది. అరణ్యపర్వంలో కౌశికుడనే బ్రాహ్మణుడు వృద్ధులైన తల్లిదండ్రులను వదిలి వేదాధ్యయనానికి వెళతాడు. మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడు అతనికి ధర్మం బోధించి, తన ఇంట్లో తల్లిదండ్రులకు జరిగే సేవను చూపిస్తాడు. అక్కడ గమనించాల్సిన వివరం ఒకటుంది. ధర్మవ్యాధుడు ఒంటరిగా సేవ చేయడం లేదు, భార్యాబిడ్డలతో కలిసి చేస్తున్నాడు. దుకాణం నడుపుకుంటున్నాడు, వచ్చినవారితో తత్త్వం మాట్లాడుతున్నాడు. సేవ అతని జీవితంలో ఒక భాగం, జీవితాన్ని మింగేసిన భూతం కాదు. దీనికి ఎదురుగా ఆదిపర్వంలోని యయాతి కథ ఉంది. తండ్రి ముసలితనాన్ని తాను పుచ్చుకుని యౌవనాన్ని ఇచ్చిన పూరుడికి రాజ్యం దక్కింది, కాదన్న అన్నలకు శాపం దక్కింది. అయితే కథ అక్కడ ఆగలేదు. వేయేళ్లు భోగించినా తృప్తి లేదని గ్రహించి, తీసుకున్నది తిరిగి ఇచ్చేసినప్పుడే యయాతి పెద్దవాడయ్యాడు. పిల్లల యౌవనాన్ని అడిగే హక్కు తండ్రికి ఉందా అనే సందేహాన్ని ఆ కథే లేవనెత్తింది. దాన్ని పూరుడి త్యాగంగా మాత్రమే చెప్పుకోవడం సగం కథ చెప్పుకోవడమే.

అన్నిటికంటే దగ్గరి పాఠం గాంధారి. పెళ్లాడబోయేవాడికి చూపు లేదని తెలిసి ఆమె కళ్లకు గంతలు కట్టుకుంది. ఆ త్యాగాన్ని తరతరాలు పాతివ్రత్యంగా కొలిచాయి. కానీ ఆ ఇంటికి అప్పటికి కావలసింది చూసే రెండు కళ్లు. భర్త లేమిని తానూ పంచుకోవడంతో ఆ ఇంట్లో లేమి రెట్టింపైంది, బిడ్డలను కనిపెట్టి చూసే తల్లి చూపు కూడా పోయింది. ఆశ్రమవాసిక పర్వంలో ముసలి దంపతులు అడవికి బయలుదేరినప్పుడు ముందు కుంతి నడిచింది. ఆమె భుజం మీద గాంధారి చెయ్యి వేసింది, గాంధారి భుజం మీద ధృతరాష్ట్రుడు చెయ్యి వేశాడు. ఆ వరుసకు దారి చూపింది కళ్లు తెరిచి ఉన్న మూడో మనిషి. భర్త తినలేకపోతున్నాడని తానూ తినడం మానేసిన భార్య, తండ్రి కదలలేడని తన ఉద్యోగాన్నీ స్నేహాలనూ వైద్యాన్నీ వదులుకున్న కూతురు ప్రేమతోనే ఆ పని చేస్తారు. ఆ ప్రేమను తక్కువ చేయకూడదు. అయినా అది గాంధారి చేసిన పొరపాటే. రోగికి కావలసింది తనతో పాటు కుంగిపోయే మనిషి కాదు.

భగవద్గీత దీన్ని సూటిగా చెప్పింది. శాస్త్రం విధించని ఘోర తపస్సుతో దేహాన్ని కృశింపజేసుకోవడాన్ని పదిహేడో అధ్యాయం ఆసుర నిశ్చయంగా లెక్కగట్టింది. అతిగా తిన్నవాడికీ, బొత్తిగా తినని వాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, మేలుకునే ఉండేవాడికీ యోగం సిద్ధించదని ఆరో అధ్యాయం చెబుతుంది. ఇవ్వాలి కాబట్టి ప్రతిఫలం ఆశించకుండా ఇచ్చింది సాత్వికమైతే, నొచ్చుకుంటూ ఇచ్చింది రాజసమైంది. దానానికి చెప్పిన ఈ విభాగం సేవకూ వర్తిస్తుంది. అలాగని గీత తప్పించుకునేవాళ్లకు దారి తెరవలేదు. దేహానికి కష్టమనే భయంతో చేయవలసిన పనిని వదిలేయడం కూడా రాజసమేనని పద్దెనిమిదో అధ్యాయం తేల్చింది. తమ్ముడు ఊళ్లో ఉన్నాడు కదా అని పక్కకు తప్పుకున్న అన్నలకు ఈ శ్లోకం వర్తిస్తుంది. పన్నెండేళ్లు చేసి ఒక నెల విశ్రాంతి కోరిన వదినకు వర్తించదు.

కర్మ సిద్ధాంతం విషయంలో జాగ్రత్త అవసరం. "చేసుకున్నవారికి చేసుకున్నంత" అనే మాట రోగి మీద ఒక నింద, సేవ చేసే మనిషి మీద మరో నింద మోపుతుంది. ఏ జన్మలో ఏం చేశామో అనే ఆలోచన కొందరికి ఊరటే, ఎందుకంటే అర్థం లేని బాధ కంటే కారణం ఉన్న బాధను భరించడం తేలిక. అయితే అదే ఆలోచన మందు వేళను, వ్యాయామాన్ని, సాయం అడగడాన్ని మానిపిస్తే హాని చేసినట్టే. చరకుడు విమానస్థానంలో ఆయువు దైవం మీదా, పురుష ప్రయత్నం మీదా రెండింటి మీదా ఆధారపడుతుందని చెప్పాడు. అంతా ముందే నిర్ణయమై ఉంటే వైద్యానికి పనేముంటుందన్న తర్కాన్ని ఆ గ్రంథం పట్టించుకుంది. అదే చరకసంహిత సూత్రస్థానం వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి అనే నాలుగింటిని చికిత్సకు నాలుగు పాదాలుగా చెప్పింది. పరిచారకుడికి ఉపచారం తెలిసి ఉండాలి, నేర్పు, అనురాగం, శుచి ఉండాలి. మంచం పక్కన ఉండే మనిషిని చికిత్సలో నాలుగో వంతుగా లెక్కపెట్టిన శాస్త్రం ఉన్న దేశంలో, నేటి వైద్యుడి గదిలో ఆ మనిషిని "మీరెలా ఉన్నారు" అని అడిగేవారు అరుదు. ఇది సిగ్గుపడాల్సిన విషయం.

బౌద్ధం మరో అడుగు వేసింది. అతిసారంతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న భిక్షువును బుద్ధుడు ఆనందుడితో కలిసి స్వయంగా కడిగిన ఘట్టం వినయపిటకంలో ఉంది. తనకు సేవ చేయదలచినవాళ్లు రోగులకు సేవ చేయాలని ఆయన అక్కడే చెప్పాడు. ఆ ఘట్టం చాలామందికి తెలుసు. అక్కడే రోగికి ఉండాల్సిన లక్షణాలు కూడా ఉన్నాయన్నది అంతగా ప్రచారంలో లేదు. మందు వేసుకోవడం, పథ్యం పాటించడం, తనకేమవుతోందో ఉన్నదున్నట్టు చెప్పడం, నొప్పిని ఓర్చుకోవడం రోగి వంతు. అంటే సేవ ఒకవైపు మాత్రమే నడిచే బాధ్యత కాదు. బుద్ధి బాగున్నంత కాలం రోగికి కూడా భార్య నిద్ర గురించి ఆలోచించే ధర్మం ఉంది. పగటిపూట ఇంకొకరు సాయం చేయడానికి ఒప్పుకోకుండా "నువ్వే ఉండాలి" అని పట్టుబట్టే పెద్దలకు ఈ మాట ఎవరైనా నెమ్మదిగా చెప్పాలి. సంయుత్తనికాయంలోని సేదక సుత్తంలో వెదురుగడ మీద విద్య చూపే గురుశిష్యుల సంవాదం ఉంది. ఒకరినొకరం కాపాడుకుందామని గురువు అంటాడు. ఎవరి నిలకడను వాళ్లు చూసుకుంటేనే ఇద్దరం క్షేమంగా దిగుతామని శిష్యుడు అంటాడు. బుద్ధుడు శిష్యుడి మాటను మెచ్చుకుంటాడు. అయితే ఓర్పుతో, మైత్రితో ఇతరులను కాపాడడం వల్ల తననూ కాపాడుకున్నట్టవుతుందని కూడా చెబుతాడు.

ఇంకా బరువైన మాట ఒకటి మిగిలింది. చాలాకాలం సేవ చేసినవారి మనసులో "ఇక తీసుకుపో స్వామీ" అనే ఆలోచన వస్తుంది. ముత్తైదువగా, పసుపుకుంకుమలతో పోవాలని చిన్ననాటి నుంచి దీవెనలు అందుకున్న స్త్రీకి ఈ ఆలోచన రాగానే ఒళ్లు జలదరిస్తుంది, ఎవరికీ చెప్పుకోలేదు. ధర్మం ఆలోచన పుట్టడాన్నీ దాన్ని ఆచరించడాన్నీ ఒకే గాటన కట్టలేదు. బాధ ముగియాలని కోరుకోవడం మనిషి చావు కోరడం కాదు. అలాంటి ఆలోచన వచ్చిందంటే ఆ మనిషి దుర్మార్గురాలని అర్థం కాదు, ఆమె శక్తి అయిపోవచ్చిందని అర్థం. గట్టిగా కసురుకోవడం, చెయ్యి విదిలించడం, కావాలని మందు ఆలస్యం చేయడం మొదలైతే అది హద్దు దాటినట్టు. అప్పుడు ఆ రోజే ఇంకొకరు వచ్చి బాధ్యత అందుకోవాలి. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, ఊరికే ఏడుపు రావడం వారాల తరబడి ఉంటే అది కుంగుబాటు, దానికి చికిత్స ఉంది. దాన్ని భక్తిలోపంగానో ఓపికలేమిగానో చూడడం అన్యాయం.

మరి చూసుకునే మనిషిని చూసుకునేదెవరు? అమెరికా తత్త్వవేత్త ఈవా ఫెడర్ కిట్టే 1999లో వెలువరించిన 'లవ్స్ లేబర్' అనే గ్రంథంలో ఇదే ప్రశ్న వేసింది. బిడ్డకు తల్లి సేవ చేయాలంటే ఆ తల్లికి మరొకరు సేవ చేయాలి, సమాజం మొత్తం ఈ సూత్రం మీద నిలబడాలి అన్నది ఆమె వాదం. తెలుగువారికి ఇది కొత్త విషయం కాదు. పురిటికి పుట్టింటికి తీసుకురావడం, బాలింతకు పథ్యం వండిపెట్టడం, రాత్రి బిడ్డ ఏడిస్తే అమ్మమ్మ ఎత్తుకోవడం ఈ న్యాయం మీదే నడుస్తాయి. పుట్టుక దగ్గర ఇంత బాగా కుదుర్చుకున్న ఏర్పాటు ముసలితనం దగ్గర లేకపోవడం మన ధర్మచింతనలో పెద్ద లోపం. ఒకప్పుడు ఉమ్మడి కుటుంబం ఆ లోటును కొంత కప్పింది, అందులోనూ భారం ఇద్దరు ముగ్గురు కోడళ్ల మీదే పడేది.

చట్టం కూడా ఈ చూసుకునే మనిషిని సగమే చూసింది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. వదిలేసిన బిడ్డలను అది ప్రశ్నిస్తుంది, వదలకుండా చేస్తూ అరిగిపోయిన బిడ్డ గురించి పెద్దగా ఆలోచించదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పార్కిన్సన్స్‌ను వైకల్యాల జాబితాలో చేర్చింది, ఎక్కువ సహాయం అవసరమైనవారికి సంరక్షకుల భత్యం అనే మాటనూ చట్టంలోకి తెచ్చింది. ఆ భత్యం ఇంటింటికీ అందేలా చూడడం ప్రభుత్వాల పని. ముంబై కేంద్రంగా పనిచేసే పార్కిన్సన్స్ వ్యాధి, కదలిక రుగ్మతల సొసైటీ వంటివి రోగులతో పాటు వారిని చూసుకునేవారినీ కూర్చోబెట్టి మాట్లాడించే బృందాలు నడుపుతున్నాయి. గుళ్లు, చర్చిలు, మసీదులు తమ దగ్గరకు వచ్చే కుటుంబాల కోసం వారానికి ఒక పూట ఇలాంటి చోటు ఇవ్వగలవు. దానికి ఖర్చు లేదు.

దూరదేశాల్లో, దూర నగరాల్లో ఉన్న కొడుకులూ కూతుళ్లూ డబ్బు పంపుతారు, డాక్టరుతో వీడియోలో మాట్లాడతారు. అది అవసరమే కానీ చాలదు. సెలవులకు వచ్చినప్పుడు ఆ రెండు వారాలూ తండ్రి గదిలో రాత్రిళ్లు వాళ్లే పడుకోవాలి, మాత్రల డబ్బా వాళ్ల చేతిలోకి తీసుకోవాలి, గడప దగ్గర అడుగులు వాళ్లు లెక్కపెట్టాలి. తల్లిని ఆమె చెల్లెలి ఇంటికో, ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తూ వస్తున్న ఆమె సొంత వైద్యానికో పంపాలి. వెళ్లేముందు ఆమె స్థానంలో వారానికి రెండు రాత్రులైనా ఉండే మనిషిని కుదిర్చి, ఆ జీతం తామే కట్టాలి.